పరిషత్ ఓట్లు: లెక్కించడం మేలా, మళ్లీ పోలింగ్ పెట్టడం మేలా?

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో జరిగిన పరిషత్ (ఎంపీటీసీ, జెడ్పీటీసీ) ఎన్నికల మాట ఎత్తితే శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఇప్పటికీ వాదన తెగదు. హైకోర్టులోనే రెండు తీర్పులు వచ్చాయి మరి. మే 21న సింగిల్ జడ్జి ఎన్నికను రద్దు చేశారు. సెప్టెంబర్ 16న డివిజన్ బెంచ్ ఆ రద్దును కొట్టేసింది. 19న పెట్టెలు తెరిచారు.

గొడవంతా నాలుగు వారాల దగ్గర. పోలింగ్‌కు నాలుగు వారాల ముందు నుంచి ఎన్నికల ప్రవర్తనా నియమావళి (కోడ్) ఉండాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. కరోనాతో ఆగిన ఎన్నికను 2021 ఏప్రిల్ 1న మళ్లీ మొదలుపెట్టి 8నే పోలింగ్ జరిపారు.

మళ్లీ పెట్టాలన్న వాదనలో బలం ఉంది, మన జిల్లాలో మరీ ఉంది. ఉద్దానం నుంచి ఎంతమంది చెన్నైలో, హైదరాబాద్‌లో కూలి పని చేసుకుంటున్నారు! వారం ముందు చెబితే వాళ్లకు రైలు టికెట్ దొరుకుతుందా? మేస్త్రీ సెలవిస్తాడా? నాలుగు వారాలంటే పార్టీల ప్రచారానికే అనుకుంటాం గానీ, వలస వెళ్లినవాడికి ఓటు దక్కేది ఆ గడువులోనే.

అయినా నేను లెక్కింపు వైపే ఉంటాను. అప్పుచేసి బస్సెక్కి వచ్చి, కరోనా భయంలో లైన్లో నిలబడి ఓటేసినవాడి తప్పేముంది? ఆ ఓట్లు చెల్లవంటే విస్తట్లో వడ్డించి లాగేసినట్టే. పోనీ మళ్లీ పెడితే వాడే మళ్లీ ఛార్జీలు పెట్టుకుని రావాలి. అప్పటి ప్రధాన ప్రతిపక్షం తెలుగుదేశం బరిలో లేదు కదా అంటారు. బహిష్కరణ వాళ్లు తీసుకున్న నిర్ణయం. నామినేషన్ వేసిన వాళ్ల అభ్యర్థుల పేర్లు బ్యాలెట్ మీద ఉండనే ఉన్నాయి.

నామినేషన్లప్పుడు బెదిరించారన్న ఫిర్యాదులు వేరు. వాటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ దానికి రాష్ట్రమంతా రద్దు చేయడం కంటే, అన్యాయం జరిగిన స్థానం మీద ఎన్నికల పిటిషన్ వేసి సాక్ష్యం చూపడమే సరైన దారి.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఏప్రిల్ 6న స్టే వచ్చింది, 7న పోలింగ్‌కు మాత్రం అనుమతి దొరికింది. నాలుగు వారాల సంగతి ఆ రెండు రోజుల్లోనే తేల్చి ఉంటే, మన ఓట్లు అయిదు నెలలకు పైగా సీలు వేసిన పెట్టెల్లో పడి ఉండేవి కావు.