క్రూజ్ ఫార్మల్ నైట్‌కి పట్టుపంచె: ఏళ్ల తరబడి కట్టాక నా మాట

ముందే చెబుతున్నాను, నేను పట్టుపంచె పక్షం. క్రూజ్ (ఓడలో విహారయాత్ర) టికెట్లు బుక్ చేసిన మర్నాడే మనవాళ్లు సూటు కుట్టించుకోవడానికి భీమవరమో రాజమండ్రో బయలుదేరుతున్నారు. కోటు లేకపోతే ఫార్మల్ నైట్‌లో, అంటే అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రి, భోజనం పెట్టరని ఎవరో చెప్పి ఉంటారు. పెడతారు. మా అబ్బాయికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి అక్కణ్ణుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు వెళ్లే ఓడలు ఎక్కుతూనే ఉన్నాం. ప్రతి ఫార్మల్ నైట్‌కీ నేను కట్టింది పంచే. కండువా, సిల్కు లాల్చీ ఎలాగూ ఉంటాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఈ రాతంతా పంచె గురించే, అందులోనూ నడుము గురించే.

పంచెకి గుండీ లేదు, హుక్కు లేదు, జిప్పు లేదు. కట్టుకునేటప్పుడు నడుము ఎంతుంటే అంతకి కడతాం, తిన్నాక ఎంతయితే అంతకి అదే సర్దుకుంటుంది. ఓడలో ఇది చిన్న విషయం కాదండీ. పొద్దున బఫేలో టిఫిను, మధ్యాహ్నం భోజనం, నాలుగింటికి టీ, దాంతో కేకులు, రాత్రి కూర్చోబెట్టి వరసపెట్టి తెచ్చే పదార్థాలు. మధ్యలో ఎప్పుడు వెళ్లినా పిజ్జా. కోనసీమలో పుట్టి పెరిగినవాడికి వడ్డించేవాణ్ణి వద్దనడం ఎలా వస్తుంది? ఆకు ముందు కూర్చున్నాక ‘చాలు’ అన్న మాటకి మన దగ్గర ఎవరూ విలువివ్వరు, మనమూ ఇచ్చే ఉద్దేశంతో అనం.

మా వియ్యంకుడు ఒకసారి మాతో వచ్చారు. ఆయన సూటు మంచిది, కాదనను. మొదటి ఫార్మల్ నైట్‌న ఆయన్ని చూసి ఫొటోలు తీసేవాళ్లు నన్ను వదిలేసి ఆయన వెంట పడ్డారు. ప్రయాణం చివర్లో రెండో ఫార్మల్ నైట్ వచ్చింది. ప్యాంటు హుక్కు పడలేదు. గుండీ వదిలేసి, పైన బెల్టు బిగించి, కోటు గుండీ పెట్టి కప్పేశారు. కప్పిన కోటు విప్పడానికి లేదు, చెయ్యి పైకెత్తడానికి లేదు. ఎదురుగా లాబ్‌స్టర్ పెట్టుకుని చిన్నపిల్లాడిలా కెలుకుతూ కూర్చున్నారు. (ఆ లాబ్‌స్టర్‌కి ఉప్పూ కారం ఉండవు, వెన్న పోస్తారంతే. మన రొయ్యల ఇగురు తిన్న నోటికి అదేమంత ఆనదు. అయినా పెట్టింది వదలకూడదుగా.) లిఫ్టులో మెల్లిగా అడిగారు: “బావగారూ, ఆ పంచె ఇంకోటుందా?” ఉంది. కానీ ఆయనకి కట్టడం రాదు, అప్పటికప్పుడు నేర్పడం నావల్ల కాలేదు.

నియమాల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఏడు రాత్రుల ప్రయాణమైతే మామూలుగా రెండు ఫార్మల్ నైట్లు, మూడు నాలుగు రాత్రులదైతే ఒకటి. ఎక్కువగా ఓడ ఏ రేవులోనూ ఆగని రోజున పెడతారు. ఎక్కిన రాత్రి సాధారణంగా పెట్టరు. టెర్మినల్‌లో అప్పగించిన పెట్టెలు క్యాబిన్ గుమ్మానికి చేరేసరికి ఒక్కోసారి భోజనాల వేళ అయిపోతుంది మరి. కునార్డ్ లాంటి పాత పద్ధతుల కంపెనీ కూడా గాలా రాత్రుల్లో (ఫార్మల్ నైట్లకి వాళ్లు పెట్టుకున్న పేరు) టక్సీడోకీ (బో టైతో వేసుకునే నల్ల సూటు), ముదురు రంగు సూటుకీ బదులు ఎవరి దేశపు వేషం వాళ్లు వేసుకోవచ్చంటుంది. నార్వీజియన్ అనే కంపెనీ ఓడల్లో అయితే ఫార్మల్ తప్పనిసరే కాదు. ముస్తాబు ఇష్టం లేనివాళ్లకి బఫే ఉండనే ఉంటుంది. అయినా మొదటిసారి మా అబ్బాయి టెన్షన్ పడి, పంచె కట్టుకున్న నా ఫొటో పెట్టి కంపెనీకి మెయిల్ రాశాడు. నిక్షేపంగా రమ్మన్నారు. మీరూ అలా ఓ మెయిల్ పెట్టుకుంటే సుఖం, తలుపు దగ్గర నిలబడి వాదించక్కర్లేదు.

అయితే ఏ పంచె పడితే ఆ పంచె కాదు. ఈత కొలను దగ్గర తువ్వాళ్లు, లుంగీల్లాంటివి చుట్టుకు తిరిగేవాళ్లని డైనింగ్ హాల్లోకి రానివ్వరు. సాదా తెల్ల అడ్డపంచె దూరం నుంచి అచ్చం అలాగే కనిపిస్తుంది. జరీ అంచు కనబడాలి, భుజాన కండువా ఉండాలి, వీలైతే గోచీ పెట్టి కట్టాలి. అప్పుడు ఇది ఒక పద్ధతి ప్రకారం వేసుకున్న వేషమని ఎవరికైనా తెలుస్తుంది.

నూలు పంచె ఎందుకు కాదంటారా? మా ఇంట్లో బండారులంక నేత పంచెలకి కొదవ లేదు. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మడత మీద మడత నిలబడి ఊళ్లో ఎంత దర్జాగా ఉంటాయో. ఆ దర్జా పెట్టెలో పెట్టి ఓడెక్కిస్తే మిగలదు. మడతలు గీతల్లా దిగిపోతాయి. వాటిని తీద్దామంటే ఇస్త్రీ పెట్టె లేదు, నిప్పు భయంతో క్యాబిన్‌లోకి ఇస్త్రీ పెట్టెని రానివ్వరు, సామాను తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. కొన్ని ఓడల్లో బట్టలుతుక్కునే గది, అందులో ఇస్త్రీ ఉంటాయి గానీ ఫార్మల్ నైట్ సాయంత్రం అక్కడ ఉండే వరస చూస్తే రేషన్ షాపు నయం. స్నానాలగదిలో వేడినీళ్లు తిప్పి ఆవిరి పట్టిద్దామంటే ఆ ఆవిరికి గంజే మెత్తబడి పంచె కాస్తా తడిసిన కాగితంలా వేలాడుతుంది. పట్టుకి ఆ బాధ లేదు. చాలా క్యాబిన్లలో షవర్ దగ్గర గోడలోంచి లాగే తాడు ఒకటుంటుంది. స్నానం చేసొచ్చాక పట్టుపంచెని దాని మీద వేసి తలుపేస్తే ముడతలు చాలావరకు వాటంతటవే పోతాయి. జరీ అంచు మాత్రం నీటి తుంపర్లకి దూరంగా ఉండాలి.

ఇప్పుడు అసలు కథ. మధ్యలో కొన్ని ప్రయాణాలకి నేను వెల్క్రో పంచె వాడాను. నడుముకి పట్టీ కుట్టి, చివర వెల్క్రో (చిన్న చిన్న కొక్కేలతో అంటుకునే గుడ్డ ముక్క) పెట్టి, పక్కన జేబు కూడా ఇచ్చి అమ్ముతున్నారు కదా, అది. క్షణంలో చుట్టుకుని అంటించుకోవడమే. పైగా జేబు! ఓడవాళ్లిచ్చే ప్లాస్టిక్ కార్డు లేనిదే క్యాబిన్ తలుపు తెరుచుకోదు, కూల్‌డ్రింకు రాదు, రేవులో దిగడానికి లేదు. పంచెకి జేబుండటం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. ఊళ్లో నలుగురికీ గొప్పగా చెప్పాను కూడా.

కొన్ని ఓడల్లో ఫార్మల్ నైట్‌లో ఒక వేడుక ఉంటుంది. భోజనం చివర్లో లైట్లు తగ్గించి, పాట పెట్టి, వడ్డించేవాళ్లందరూ బేక్డ్ అలాస్కా అనే ఐస్‌క్రీమ్ కేకు పళ్లేలు ఎత్తి పట్టుకుని బల్లల మధ్య చిందులేస్తూ వస్తారు. హాల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడి నాప్కిన్లు గిరగిరా తిప్పుతారు. మా బల్ల దగ్గర ఆస్ట్రేలియా దంపతులు ఇద్దరు ఉత్సాహంగా లేచి నన్నూ లెమ్మన్నారు. లేచాను. కుడిచెయ్యి పైకెత్తి నాప్కిన్ తిప్పాను.

జర్ర్.

అంత పాటలోనూ ఆ చప్పుడు నాకు వినబడింది. ఎడమచేత్తో పట్టుకున్నాను గనక పంచె నేల మీదికి పోలేదు. లోపల నిక్కరు ఉందనుకోండి, అయినా ఫార్మల్ నైట్ నిక్కరు కాదుగా అది. మా ఆవిడ, “ఏవండీ, ఏమయింది, అలా వంగిపోయారేం, నడుం పట్టేసిందా?” అంది. “నడుం కాదు, పంచె,” అన్నాను. ఆ మాట వినడమే ఆలస్యం, పుస్తెలతాడుకి వేలాడే పిన్నీసులు రెండు ఊడదీసింది. వియ్యంకుడు (ఇది ఆయనతో వెళ్లిన ప్రయాణంలో మొదటి ఫార్మల్ నైట్) అప్పటికే విషయం కనిపెట్టి, నా వెనకాల నిలబడి కోటు రెండువైపులా రెక్కల్లా చాపారు. ముందు వైపు బల్లగుడ్డ కాపాడింది. ఆస్ట్రేలియా ఆయన ఇదేదో మా దేశపు నాట్యమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేను కుడిచేత్తో నాప్కిన్ తిప్పుతూనే ఉన్నాను, ఆపితే అందరూ నావైపే చూస్తారని. లైట్లు వెలిగేలోపు ఆవిడే ముందుకు వంగి పిన్నీసులు గుచ్చేసింది. రెండు పిన్నీసుల మీద కేకు కూడా తిన్నాను.

క్యాబిన్‌కి వెళ్లి చూస్తే, వెల్క్రో గరుకు వైపు నిండా తెల్లటి నూగు. అల్మరాలో బాత్‌రోబ్ పక్కనే తగిలించాను, దాని నూలంతా కొక్కేల్లోకి ఎక్కేసింది. కొక్కేలు నిండిపోతే ఇక దేన్ని పట్టుకుంటాయి? పళ్లపుల్లతో కూర్చుని పీకితే కొంత పట్టు తిరిగొచ్చింది గానీ పూర్తిగా కాదు. అన్నిటికంటే ఒళ్లు మండించింది ఆ పట్టీ. మామూలు పంచె జారితే రెండు మడతలు చుట్టి బొడ్లో దోపుకుంటే నిలుస్తుంది, అది మనకి పుట్టుకతో వచ్చిన విద్య. నర్సాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద గాలికి నిలబడి కూడా ఒంటిచేత్తో ఆ పని చేశాం. ఈ పట్టీ బిరుసుగా ఉండి మడత పడదు. అమ్మేవాళ్లు సౌకర్యం ఇచ్చారు, దాంతోపాటు మనకి చేతనైన ఒక్క ఉపాయాన్నీ తీసేశారు.

ఆ తర్వాత మళ్లీ ఎనిమిది మూరల పట్టుపంచెకే వచ్చాను. కుచ్చిళ్లు ముందు దోపి, గోచీ వెనక్కి తీసి, మొలతాడు కిందుగా బిగిస్తే మెట్లెక్కినా, మనవరాలు డాన్సు చేద్దాం రమ్మని లాగినా కదల్లేదు. మొలతాడు మీద మా తాతగారికి ఎందుకంత నమ్మకమో ఇప్పుడు అర్థమైంది. మొలతాడు లేనివాళ్లు సన్నటి బెల్టు పెట్టుకోవచ్చు, లాల్చీ కింద కనబడదు.

పైన నడుము సర్దుకుంటుందని చెప్పాను గానీ, అది అడ్డపంచె కట్టినప్పటి మాట. గోచీ కట్టులో దానంతటది సర్దుకోదు. భోజనం సగంలో లాల్చీ కింద చెయ్యి పెట్టి కాస్త వదులు చెయ్యాలి. ఎవరికీ తెలియకుండా చెయ్యొచ్చు, సూటు ప్యాంటుతో అది కుదరదు, ఆ మేరకు నా మాట నిలబడుతుంది. గోచీతో ఇంకో ఇబ్బంది, నా వయసువాళ్లకి బాగా తెలిసింది: బాత్‌రూమ్. విప్పితే మళ్లీ మొదటినుంచి కట్టాలి. హాల్‌కి వెళ్లే ముందే క్యాబిన్‌లో పని ముగించుకుని వెళ్తాను, నీళ్లు తక్కువ తాగుతాను, అది మంచి అలవాటు కాదని మా అబ్బాయి కోప్పడతాడు.

తేలిక అంటాను, నిజమే, కానీ ఏసీ హాల్లో పిక్కలు చల్లబడతాయి. కండువా భుజాలకే సరిపోతుంది. ఖర్చూ తక్కువే గానీ, అది సూపు ఒలకనంతవరకే. టమాటా మరక పడ్డ పట్టుని ఓడ లాండ్రీకి ఇచ్చే ధైర్యం నాకు లేదు. ఇంటిదాకా మోసుకొచ్చి డ్రైక్లీనింగ్‌కి ఇస్తే మరక పోయింది, ఆ చోట నిగారింపూ పోయింది. జరీ కూడా మొదటి రంగులో లేదు. సముద్రపు గాలి వల్లనో, తేమలో ప్లాస్టిక్ కవరులో ఉంచడం వల్లనో కొంచెం నలుపు తిరిగింది. ఇప్పుడు పాత మల్లుగుడ్డలో చుట్టి, చేతి సంచీలో నాతోనే తెచ్చుకుంటున్నాను. మా ఆవిడ ఉప్పాడ చీర కూడా అందులోనే పడుతుంది, అది చేతి గుడ్డంత మడతకి వస్తుంది. ఆవిడకి ఈ గొడవలేవీ లేవు. ఆవిడ సమీక్ష రాస్తే రెండు వాక్యాల్లో అయిపోతుంది.

చెప్పుల సంగతి అడుగుతారు. హవాయి చెప్పులతో లోపలికి రానివ్వరు. బూట్లు పంచె కింద బాగుండవు. ముందు మూసి ఉండే తోలు మొజ్రీలు వాడుతున్నాను, అడుగున రబ్బరు వేయించాను, ఓడ కాస్త ఊగినా జారకుండా.

కాబట్టి కొనమంటానా? పంచె కట్టడం వచ్చినవాళ్లకి, అరవై దాటినవాళ్లకి, నాలాగా పెట్టింది వదలనివాళ్లకి, ఆయ్, కొనమనే చెబుతాను. రోజూ ఆఫీసుకి ప్యాంటు వేసుకెళ్లే కుర్రాళ్లు సూటే వేసుకోండి, మీకు అదే నప్పుతుంది, పైగా మీ నడుములు ఇంకా మీ మాట వింటున్నాయి. మోకాళ్ల నొప్పులుండి మాటిమాటికీ లేవాల్సినవాళ్లకి గోచీ కట్టు చెప్పను. చలి ప్రాంతాల ఓడల్లో నేను ఎక్కలేదు, అక్కడ పిక్కల పరిస్థితి నాకు తెలియదు. మా వియ్యంకుడు ఈమధ్య ఒక పట్టుపంచె కొన్నారట, కట్టడం యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటున్నారట, అది తేలేదాకా సూటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

నాకు మిగిలిన లోటల్లా జేబు. లాల్చీకి లోపలివైపు ఓ జేబు కుట్టి జిప్పు పెట్టమని అమలాపురంలో టైలర్‌కి ఇచ్చాను. జిప్పుకి వేరే అవుతుందన్నాడు. సరే అన్నాను.