స్కోప్ రెయిల్ కింద ఉక్కు ఎపాక్సీ: వాడి చూశాను

రైఫిల్ మీద స్కోప్‌ను (గురి చూసే దుర్భిణిని) నిలబెట్టే పట్టీ, అంటే రెయిల్‌ను ముందువైపు మరలతో బిగించగానే వెనక అంచు కాగితం దూరేంత పైకి లేచింది. అలాగే నాలుగు మరలూ బిగిస్తే రెయిల్ వంగుతుంది, ఆ వంపు భారం స్కోప్ గొట్టం మీద పడుతుంది. ఆ సందు పూడ్చడానికే ఉక్కుపొడి కలిసిన ఈ రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు తెచ్చుకున్నాను. సమపాళ్లలో కలిపితే చాలు.

నాకు బాగా నచ్చింది ఇది నిదానంగా గట్టిపడటం. తొందర లేకుండా సర్దుకోవచ్చు. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బోల్టు (తూటాను గొట్టంలోకి తోసే కడ్డీ) తీసేశాను. రెయిల్ అడుగును అసిటోన్‌తో తుడిచి, రిసీవరుకూ (రెయిల్ కూర్చునే రైఫిల్ లోహభాగం) మరలకూ మైనం పూశాను. ఈ మైనం మరిచిపోతే రెయిలూ రిసీవరూ అతుక్కుపోతాయి, జాగ్రత్త! ముందువైపు మరలను తేలికగా బిగించి, వెనక భాగాన్ని ఎపాక్సీ మీద దాని మానాన వదిలేశాను. అక్కడ కూడా బిగిస్తే రెయిల్ మళ్లీ వంగిన ఆకారంలోనే నిలిచిపోతుంది.

24 గంటల తర్వాత విప్పితే రిసీవరు వంపు అచ్చుగుద్దినట్టు దిగింది. ఎంత సంతోషం కలిగిందో! ఒక్క లోపం, పలుచగా ఉండి అంచుల నుంచి కారుతుంది. ముందే టేపు అంటించి, కారినదాన్ని మెత్తగా ఉండగానే చెక్కపుల్లతో గీకేయండి.