మాండొలిన్ కిట్, వీడియో కోర్సు కలిపి కొంటున్నారా? డబ్బు కట్టకముందే ఇది చదవండి

అనంతపురంలో గానీ, ధర్మవరం, గుంతకల్లు వైపు గానీ పిల్లలకు మాండొలిన్ నేర్పించాలనుకునేవాళ్లు దయచేసి రెండు నిమిషాలు కేటాయించండి. వాయిద్యం, పుస్తకం, వీడియోలు అన్నీ కలిపి ‘కర్ణాటక పద్ధతిలో 30 రోజుల్లో 30 పాటలు’ అంటూ ఒక ప్రకటన ఫోన్లలో తెగ తిరుగుతోంది. దాన్ని నమ్మి మా అక్క తన కూతురి కోసం 11,000 రూపాయలు కట్టింది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మార్చుకుని మళ్లీ వస్తారు, కాబట్టి సరుకు ఎలా ఉందో తెలుసుకోవడమే మీకు ఉపయోగం.

వాయిద్యం సంగతి తర్వాత చెప్తాను. అసలు దెబ్బ పుస్తకంలో ఉంది.

పుస్తకంలో ముప్పావు భాగం ఇంగ్లీషు పాటల కార్డులు, నాలుగు గీతల మీద అంకెలు వేసిన ట్యాబ్‌లు. జి-డి-ఎ-ఇ (మాండొలిన్ నాలుగు జతల తీగలకు పాశ్చాత్య స్వరాల పేర్లు) శ్రుతిలో పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవాళ్లకు అవి పనికొస్తాయి, తప్పు లేదు. చివర్లో నాలుగు పేజీలు అతికించి, ‘సరళీ స్వరాలు - మాయామాళవగౌళ’ అని శీర్షిక పెట్టారు. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలను ఈ మాయామాళవగౌళ రాగంలోనే నేర్పుతారు. కింద ఇచ్చిన ఫ్రెట్ (మెడ మీది మెట్టు) అంకెలు ఇవి, 0 అంటే నొక్కకుండా ఉత్త తీగ మీటడం: షడ్జమం (స) తీగ మీద 0, 2, 4, 5, పంచమం (ప) తీగ మీద మళ్లీ 0, 2, 4, 5. అలా వాయిస్తే పలికేది మాయామాళవగౌళ కాదు, శంకరాభరణం అనే వేరే రాగం!

మాయామాళవగౌళలో రిషభం (రి) శుద్ధ రిషభం. అది మొదటి మెట్టు మీద ఉంటుంది. రెండో మెట్టు మీద పలికేది చతుశ్రుతి రిషభం. ధైవతానికీ (ద) ఇదే లెక్క. కాబట్టి 0, 1, 4, 5 అని ఉండాలి, పక్క తీగ మీద మళ్లీ 0, 1, 4, 5. ఈ రాగంలో స రి గ మ ఎంత దూరాల్లో ఉంటాయో ప ద ని స కూడా సరిగ్గా అంతే దూరాల్లో ఉంటాయి. అందుకే రెండు తీగల మీదా వేళ్లు ఒకేలా పడతాయి. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి వరస దొరకదు. దాన్నే పాడు చేసి పెట్టారు.

మా అక్క కూతురు కొన్ని వారాల పాటు అదే వాయించింది. వేళ్లకు అలవాటైపోయింది. ఊళ్లో ఒక వయొలిన్ మాస్టారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఒక్క వరస విని, “ఏంటికి పాపా, రిషభం అంత పైకి పలుకుతాంది?” అన్నారు. పాప బిక్కమొహం వేసుకుని పుస్తకం చూపించింది. ఇప్పుడు ఆ వేలిని ఒక మెట్టు వెనక్కి తేవడానికి కొత్తగా నేర్చుకున్న దానికంటే ఎక్కువ కష్టపడుతోంది. వీటి తర్వాత నేర్పే మలహరి రాగం గీతాల్లోనూ అదే శుద్ధ రిషభం, అదే శుద్ధ ధైవతం. పునాదిలో తప్పు పడితే అన్నీ తప్పే.

సాధన ప్రణాళిక కూడా అంతే అన్యాయం. రోజుకొక పాట, రెండు గంటలు ఆపకుండా వాయించాలట. జంట తీగలు కొత్త వేళ్లను కోసేస్తాయి. మాస్టారు చెప్పినది వేరు: ముందు శ్రుతి సరిచూసుకోవాలి, తంబురా యాప్ పెట్టుకోవాలి. ఒకే వరసను ఆది తాళంలో మొదటి కాలంలో (నెమ్మదిగా), పిక్‌ను కిందికి మాత్రమే కొడుతూ, ప్రతి స్వరం నిండుగా పలికేదాకా వాయించాలి. అది కుదిరాకే రెండో కాలం (రెట్టింపు వేగం), అప్పుడు పిక్ కిందికీ పైకీ. మూడో కాలానికి తొందర లేదు. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు చాలట. వాయించే ముందు ఆ వరసను నోటితో పాడాలి. మాండొలిన్ శ్రీనివాస్ గారికి నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని వాయించేవాడు. గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికించడం) ట్యాబ్ అంకెల్లో ఇమడవు, చెవితోనే పట్టుకోవాలి.

మన ఊళ్లలో మాండొలిన్ గురువులు దొరకడం కష్టం కాబట్టే ఇలాంటి కోర్సులు అమ్ముడుపోతున్నాయి. దగ్గర్లో వయొలిన్ మాస్టారు ఉంటే మొహమాటం లేకుండా వెళ్లి అడగండి. కర్ణాటక వయొలిన్‌కు నాలుగు తీగలు స-ప-స-ప. మాండొలిన్‌లో పై రెండు జతలను ఎ నుంచి జి కి, ఇ నుంచి డి కి దించితే జి-డి-జి-డి, అదీ స-ప-స-ప అవుతుంది. తీగలు వదులు చేయడమే కాబట్టి తెగుతాయన్న భయం లేదు.

ఇక వాయిద్యం. పెట్టె విప్పేసరికి బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క) పక్కకు ఒరిగి ఉంది. ఫోన్ చేస్తే ఫెవిక్విక్‌తో అతికించమన్నారు! ఆ పని మాత్రం చేయకండి. చెక్క పైముఖం మాండొలిన్‌లలో బ్రిడ్జి తీగల బిగువుకే నిలబడుతుంది, జరపడానికి వీలుగా ఉండాలి. ఉత్త తీగ మీటి, అదే తీగను 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. సరిగ్గా పై స్థాయి స్వరం రావాలి. శ్రుతి హెచ్చుగా పలికితే బ్రిడ్జిని తోక వైపు, తగ్గుగా పలికితే మెడ వైపు కొద్దికొద్దిగా జరపాలి. తీగలన్నీ ఒకేసారి తీసేస్తే బ్రిడ్జి ఊడి వస్తుంది, ఒక్కొక్కటే మార్చుకోండి.

డబ్బు వెనక్కి అడిగితే ‘కోర్సు లాగిన్ అయ్యారు, రిటర్న్ కుదరదు’ అన్నారు. చెప్పినదొకటి, పంపినదొకటి అయితే వెనక్కి తీసుకోం అనడానికి 2020 ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, పెట్టె విప్పేటప్పటి వీడియో దాచుకోండి. మా అక్క దగ్గర ప్రకటన స్క్రీన్‌షాట్ ఉండబట్టే ‘కర్ణాటక పద్ధతి’ అని మేం అనలేదే అని వాళ్లు దబాయించలేకపోయారు.

ఇదే సెట్టు మీకూ అంటగట్టాలని చూస్తే, డబ్బు కట్టకముందే మాయామాళవగౌళ పేజీ ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. షడ్జమం తర్వాత 2 అని ఉంటే వద్దని చెప్పేయండి.