పోర్టు తెరిచి ఉంటే చాలదు: రొయ్యల ప్లాంటు డేటాబేస్‌కు కాపలా కాసిన సాధనాలు

భీమవరం దగ్గర రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక ప్లాంటులో డేటాబేస్ సర్వర్ల బాధ్యత నాది. కాటా దగ్గర తూచిన బరువు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), ఏ చెరువు సరుకు, ఏ లాటు అన్న వివరాలు మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి వెళ్తాయి. ల్యాబు ఫలితాలు, కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలు పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లోకి వెళ్తాయి. చెరువుల మీద పట్టుబడి ఎక్కువగా రాత్రి చల్లబడ్డాకే పెడతారు. అందుకే తెల్లవారుజామున మా గేటు ముందు ఐసు పెట్టెలతో వ్యాన్లు వరుస కడతాయి. ఆ వేళ డేటాబేస్ ఆగిందంటే కాటా ఆగుతుంది, ఐసు కరుగుతుంది, నాణ్యత తగ్గిందని రైతుకు ధర కోస్తారు. అర్ధరాత్రి రెండింటికి ఎవరూ ఉండరు, మరమ్మతులు అప్పుడు చేసుకోవచ్చు అనే సలహా మా దగ్గర చెల్లదు. మాకు రద్దీ మొదలయ్యేదే అప్పుడు.

డేటాబేస్ పనిచేస్తోందో లేదో కనిపెట్టి, ఆగితే హెచ్చరించడానికి నేను కొన్నేళ్లుగా నాగియోస్, జాబిక్స్, ప్రోమీథియస్, అప్‌టైమ్ కుమా అనే సాధనాలు వాడాను. వీటిలో రెండు ఇప్పటికీ రోజూ నడుస్తున్నాయి, ఒకటి సగం పనికి మిగిలింది, ఒకటి వెళ్లిపోయింది. అన్నీ ఉచితంగా దొరికేవే కాబట్టి ధర గురించి రాయను. తెర ఎంత అందంగా ఉందో కూడా రాయను. ఆ సాధనం డేటాబేస్‌ను ఏ ప్రశ్న అడుగుతుంది, జవాబు రాకపోతే ఆ కబురు నా ఫోను దాకా ఏ దారిన వస్తుంది అన్న రెండు విషయాలే నా ఎంపికను నిర్ణయించాయి.

ముందు ప్రశ్న సంగతి. చాలా సాధనాలు మొదటి రోజు చేసేది పోర్టు, అంటే సర్వర్‌లోకి వెళ్లే అంకె ఉన్న తలుపు, తట్టి చూడటం. 3306 తలుపు తెరుచుకుంటే మైఎస్‌క్యూఎల్ బాగున్నట్టు, 5432 తెరుచుకుంటే పోస్ట్‌గ్రెస్ బాగున్నట్టు ఆకుపచ్చ గుర్తు వేస్తాయి. నా అనుభవంలో కాటా ఆగిన రాత్రుల్లో ఎక్కువసార్లు ఆ తలుపు తెరిచే ఉంది. డిస్కు నిండినప్పుడు మైఎస్‌క్యూఎల్ సాధారణంగా ఆగిపోదు. చోటు దొరికిందేమోనని నిమిషానికోసారి చూసుకుంటూ, పది నిమిషాలకోసారి లాగ్‌లో, అంటే జరిగినవి నమోదు చేసే ఫైలులో, ఒక వరుస రాసుకుంటూ ఎదురుచూస్తుంది. ఆ సమయంలో పోర్టు పలుకుతుంది, ‘సెలెక్ట్ 1’ అనే అతి చిన్న ప్రశ్న అడిగితే 1 అని జవాబూ వస్తుంది. గుమాస్తా నొక్కిన ‘సేవ్’ బటన్ మాత్రం కదలదు. పోస్ట్‌గ్రెస్ తీరు వేరు. వాల్ ఫైళ్లు (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్‌లు) ఉన్న డిస్కు నిండితే అది ఏకంగా ఆగిపోతుంది. నష్టం పెద్దదే, కానీ వెంటనే తెలుస్తుంది.

‘మైఎస్‌క్యూఎల్‌అడ్మిన్ పింగ్’ అనే ఆదేశాన్ని నమ్ముకున్నవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. పాస్‌వర్డు తప్పయినా, సర్వర్ లోపలికి రానివ్వకపోయినా అది 0, అంటే ‘నడుస్తోంది’ అనే సంకేతమే ఇస్తుంది. దాని పత్రాల్లోనే ఈ మాట స్పష్టంగా రాసి ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ ఈజ్‌రెడీ’ కొంత మేలు. కనెక్షన్లు తీసుకుంటుంటే 0, నిరాకరిస్తుంటే 1, అసలు జవాబే లేకపోతే 2 ఇస్తుంది. ఈ 1కీ 2కీ ఉన్న తేడా మా ప్రాంతంలో చాలా విలువైనది. కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి సర్వర్ మళ్లీ లేచినప్పుడు పోస్ట్‌గ్రెస్ తన లాగ్‌లు తిరగేసి కోలుకుంటూ ఉంటుంది. ఆ కాసేపూ వచ్చేది 1. అప్పుడు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. మా రాత్రి షిఫ్టు సూపర్‌వైజరు గారికి ఇది తెలుగులో రాసి సర్వర్ గది గోడకు అంటించాను: ఒకటి వస్తే ఆగండి, రెండు వస్తే ఫోను చేయండి.

ఇంకొకటి కనెక్షన్ల సంఖ్య. మైఎస్‌క్యూఎల్‌లో మార్చకుండా వదిలేస్తే గరిష్ఠంగా 151 కనెక్షన్లు. వాటికి పైన ఒక్కటి మాత్రం ప్రత్యేక అధికారం ఉన్న ఖాతాకు దాచి ఉంచుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో 100, అందులో 3 సూపర్‌యూజర్లకే, అంటే పూర్తి అధికారం ఉన్న ఖాతాలకే. పర్యవేక్షణ సాధనానికి అలాంటి పెద్ద ఖాతా ఇచ్చారనుకోండి. గుమాస్తాలందరూ బయట నిలబడిపోయినా ఆ సాధనం మాత్రం దాచిన కుర్చీలో కూర్చుని అంతా బాగుందని చెబుతుంది. కాబట్టి సాధనానికి మామూలు ఖాతాయే ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇందుకోసమే ‘పీజీ మానిటర్’ అనే పాత్ర పదో వెర్షన్ నుంచీ ఉంది.

ఈ కొలతతో చూస్తే ఏ సాధనం ఎలా ఉందో చెబుతాను.

నాగియోస్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలై 2002లో ఇప్పటి పేరు పెట్టుకున్న పాత కాపు. ఏ స్క్రిప్టయినా (మనం రాసుకునే చిన్న ప్రోగ్రాము) 0, 1, 2, 3 అనే నాలుగు జవాబుల్లో ఒకటి ఇస్తే చాలు, మిగతాది అది చూసుకుంటుంది. ఆ సరళత నాకు చాలా ఇష్టం. కానీ కొత్త సర్వర్ చేర్చిన ప్రతిసారీ ఫైళ్లు దిద్దుకోవడం, గతంలో ఏం జరిగిందో గీతల్లో చూడాలంటే వేరే సరంజామా జోడించుకోవడం ఒక్క మనిషి నడిపే విభాగానికి బరువు. దాన్ని తీసేశాను, దానికోసం రాసిన స్క్రిప్టులు మాత్రం ఇప్పటికీ వాడుతున్నాను.

జాబిక్స్ మీద నాకు గౌరవం ఎక్కువ. 2001లో తొలిసారి బయటికి వచ్చింది. సర్వర్ మీద ఉండి కొలతలు తీసే దాని రెండో తరం ఏజెంటులో మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ రెండింటికీ సిద్ధంగా ప్లగిన్లు ఉంటాయి. టెంప్లేటు తగిలిస్తే చాలు, కనెక్షన్లు, నెమ్మది క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు), రెప్లికా (మరో సర్వర్‌లో ఉండే డేటాబేస్ నకలు) వెనకబాటు అన్నీ కొలవడం మొదలవుతుంది. నాకు దానిలో బాగా నచ్చింది ట్రిగ్గర్ల (హెచ్చరిక మోగించే షరతుల) మధ్య పెట్టే ఆధారపడే సంబంధం. సర్వర్లను నెట్‌వర్కుకు కలిపే స్విచ్చి పోతే దాని వెనక ఉన్న సర్వర్లన్నిటి పేరునా హెచ్చరికలు కురవవు, స్విచ్చి పేరున ఒక్కటే వస్తుంది. నిద్రలో లేచినవాడికి ఇది ఎంత పెద్ద ఉపకారమో అనుభవించినవారికే తెలుస్తుంది. జాగ్రత్త ఒకటుంది. జాబిక్స్ తన లెక్కలన్నీ తానే ఒక మైఎస్‌క్యూఎల్‌లోనో పోస్ట్‌గ్రెస్‌లోనో దాచుకుంటుంది. చోటు కలిసివస్తుందని దాన్ని మీరు కాపలా కాసే సర్వర్ మీదే పెడితే రెండూ ఒకేసారి పడిపోతాయి. దానికి వేరే చిన్న యంత్రం కచ్చితంగా ఉండాలి.

ప్రోమీథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్‌లో పుట్టింది. సర్వర్లు దానికి కబురు పంపవు, అదే వచ్చి అంకెలు తీసుకెళ్తుంది. డేటాబేస్ పక్కన ఎక్స్‌పోర్టర్ అనే చిన్న ప్రోగ్రాము పెట్టాలి. ఇక్కడ కొత్తవాళ్లు తరచు పొరబడే చోటు ఒకటుంది. ‘అప్’ అనే కొలత 1 చూపితే ఎక్స్‌పోర్టర్ పలికిందని మాత్రమే అర్థం. డేటాబేస్ పలికిందో లేదో చెప్పేవి ‘మైఎస్‌క్యూఎల్ అప్’, ‘పీజీ అప్’ అనే వేరే కొలతలు. హెచ్చరిక వాటి మీద రాయాలి. మార్చకపోతే పదిహేను రోజుల చరిత్రే ఉంచుకుంటుంది, నేను ఏడాదికి పెంచాను. మేత కొనుగోళ్ల కాలం, పట్టుబడుల కాలం పోల్చుకోవడానికి ఆ చరిత్ర అవసరం. దానిలో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది డిస్కు ఏ వేగంతో నిండుతోందో చూసి ముందుగానే చెప్పే లెక్క. ఇంత శాతం దాటింది అనే హెచ్చరిక కన్నా, ఇలాగే సాగితే రేపు సాయంత్రానికి నిండుతుంది అనే హెచ్చరిక వెయ్యి రెట్లు మేలు. పగలు నాలుగు గంటలకు తీరిగ్గా పాత బైనరీ లాగ్‌లు (మైఎస్‌క్యూఎల్ రాసుకునే మార్పుల చిట్టాలు) తీసేయవచ్చు.

అప్‌టైమ్ కుమా చిన్నది, 2021లో వచ్చింది. అరగంటలో పెట్టుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌కు, పోస్ట్‌గ్రెస్‌కు నేరుగా క్వెరీ పంపగలదు. ఎందుకు పడిపోయిందో చెప్పదు, పడిపోయిందని మాత్రం చెబుతుంది. అయినా మా ప్లాంటులో అత్యంత ముఖ్యమైన కాపలా ఇప్పుడు దానిదే. కారణం దానిలోని పుష్ పద్ధతి. బయటి నుంచి లోపలికి తొంగి చూడటానికి డేటాబేస్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవాలి, ఆ పని ఎవరూ చేయకూడదు. పుష్‌లో లోపలి సర్వరే నిమిషానికోసారి బయటికి పలకరింపు పంపుతుంది. పలకరింపు ఆగితే కుమా హెచ్చరిస్తుంది. దాన్ని నేను ప్లాంటులో కాకుండా ముంబైలోని ఒక అద్దె సర్వర్ మీద పెట్టాను.

పలకరింపు పంపే ముందు మా స్క్రిప్టు చేసే పని ఇది. మామూలు ఖాతాతో లోపలికి వెళ్తుంది. ఒకే వరుస ఉన్న చిన్న పట్టికలో ఇప్పటి సమయం రాస్తుంది. రెప్లికాకు వెళ్లి అదే సమయం అక్కడికి చేరిందా అని చదువుతుంది. నిర్ణీత వ్యవధిలో ఇవన్నీ అయితేనే పలకరిస్తుంది. రాత పరీక్ష ఉంది కాబట్టి నిండిన డిస్కు దొరికిపోతుంది. రెప్లికా సంగతీ దీనితోనే తేలుతుంది. రెప్లికేషన్ పూర్తిగా తెగిపోయినప్పుడు మైఎస్‌క్యూఎల్ వెనకబాటు సెకన్ల చోట అంకె ఇవ్వదు, ‘నల్’ అంటుంది. అరవై దాటితే చెప్పు అని రాసిన హెచ్చరిక అప్పుడు మోగదు. రాసిన సమయాన్ని అవతల చదివి చూడటమే నమ్మదగిన పద్ధతి.

దీనికి తోడు పక్కనున్న మరో యంత్రం నుంచి, డేటాబేస్‌తో సంబంధం లేని ఉత్త పలకరింపు ఒకటి పంపిస్తాను. రెండూ ఆగితే కరెంటో ఇంటర్నెట్టో పోయినట్టు. మొదటిది మాత్రమే ఆగితే డేటాబేస్‌కే జబ్బు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు ఈ ఏర్పాటు విలువ కళ్లారా చూశాను. రెండు పలకరింపులూ ఒకే నిమిషంలో ఆగాయి. ప్లాంటు లోపల ఉన్న జాబిక్స్ నుంచి ఒక్క టెలిగ్రామ్ కబురూ రాలేదు, రావడానికి దానికి దారి లేదు. ముంబై నుంచి మాత్రం హెచ్చరిక హైదరాబాద్‌లో ఉన్న మా సహోద్యోగికి చేరింది. గోదావరి పాయల మధ్య, సముద్రానికి దగ్గరగా సర్వర్లు పెట్టుకున్న మనం కాపలాదారుల్లో ఒకరినైనా జిల్లా దాటించి ఉంచాలి.

ఇక ఫోను. టెలిగ్రామ్ ఉచితం, తేలిక, పగటి పూట చాలు. రాత్రికి చాలదు. గేట్‌వే ద్వారా ఎస్సెమ్మెస్ పంపాలంటే మన దేశంలో డీఎల్‌టీ నమోదు (వ్యాపార ఎస్సెమ్మెస్‌లు పంపేవారు చేసుకోవాల్సిన రిజిస్ట్రేషన్), పంపేవారి పేరుకూ సందేశం నమూనాకూ అనుమతి అన్నీ కావాలి. హెచ్చరికలో సర్వర్ పేరు మారినప్పుడల్లా నమూనా గురించి ఆలోచించాలి. ఇక్కడ జాబిక్స్ మళ్లీ ముందుకొచ్చింది. యంత్రం వెనక సీరియల్ పోర్టుకు తగిలించిన, సిమ్ పెట్టే జీఎస్‌ఎం మోడెమ్‌తో అది నేరుగా ఎస్సెమ్మెస్ పంపగలదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫైబరు తెగి సెల్ టవర్ ఇంకా బతికి ఉన్న ఆ కొద్ది గంటల్లో పనికొచ్చేది ఇదొక్కటే. అన్ని రకాల సూచికల కోసం కాకుండా, ఈ మోడెమ్ కోసమూ స్విచ్చి సంబంధాల కోసమూ జాబిక్స్‌ను ఉంచుకున్నాను.

హెచ్చరిక ఎంతసేపు ఆగి మోగాలన్నది ప్లాంటును బట్టి పెట్టుకోవాలి. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు స్విచ్చులు ఒక్కసారి ఆరి వెలుగుతాయి. అందుకని రెండు నిమిషాలు వరుసగా విఫలమైతేనే ఫోను మోగేలా పెట్టాను. నెలలో 43 నిమిషాలు ఆగితే 99.9 శాతం లభ్యత అని సాధనాలు గొప్పగా చూపిస్తాయి. ఆ 43 నిమిషాలు తెల్లవారుజామున నాలుగింటికి ఒకే దెబ్బన వస్తే గేటు బయట ఎన్ని వ్యాన్లు నిలుస్తాయో ఆ శాతంలో కనిపించదు. నెలాఖరు నివేదికలో నేను పట్టుబడి వేళల లెక్క విడిగా రాస్తున్నాను, యాజమాన్యం చదివేది కూడా దాన్నే.

రైసు మిల్లు, కొబ్బరి వ్యాపారం, చిన్న ఆస్పత్రి లాంటి చోట ఒకే డేటాబేస్ ఉంటే బయట ఒక అప్‌టైమ్ కుమా, లోపల రాత పరీక్ష చేసే స్క్రిప్టు చాలు, ఈ వారమే పెట్టుకోండి. రెండు మూడు సర్వర్లు దాటి, నెమ్మదికి కారణం వెతకాల్సి వస్తుంటే ప్రోమీథియస్ చేర్చండి. కరెంటు, ఫైబరు తరచు పోయే చోట జాబిక్స్, మోడెమ్ చేర్చండి. ఆ మోడెమ్‌లోని సిమ్ రీఛార్జి గడువు ఎప్పుడన్నది మాత్రం క్యాలెండరులో రాసుకోండి. మేము ప్రతి సోమవారం ఉదయం పరీక్షా డేటాబేస్‌ను కావాలని ఆపి, ఎస్సెమ్మెస్ వచ్చిందో లేదో రిజిస్టరులో సంతకం పెడుతున్నాం.