యూహెచ్ఎస్-1 కార్డా, యూహెచ్ఎస్-2 కార్డా?

ఒంగోలు గిత్తలు బండ లాగుతుంటే డీఎస్ఎల్ఆర్‌తో రా (కెమెరా ప్రాసెస్ చేయని, పెద్ద సైజు) ఫైల్స్‌లో టకటకా ఫొటోలు కొడతాం. కాసేపటికి బఫర్, అంటే కార్డులోకి వెళ్లేలోపు ఫొటోలు ఆగే కెమెరా మెమరీ, నిండిపోతుంది. అవి కార్డులోకి ఎక్కేదాకా కెమెరా మొరాయిస్తుంది. పందెంలో అసలైన ఊపు సరిగ్గా అప్పుడే వస్తుంది! ఈ రెండు రకాల యూహెచ్ఎస్ (అల్ట్రా హై స్పీడ్) ఎస్‌డీ కార్డుల తేడా బాగా తెలిసేది అక్కడే.

ప్రమాణం ప్రకారం యూహెచ్ఎస్-1 గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ, యూహెచ్ఎస్-2ది 312. రెండోదాని వెనక అదనంగా ఇంకో వరస పిన్నులుంటాయి. ఆ పిన్నులను అందుకునే స్లాట్ కెమెరాలో లేకపోతే, అంత ఖరీదైన కార్డూ యూహెచ్ఎస్-1 వేగంతోనే నడుస్తుంది. కెనాన్ 1500డీ, నికాన్ డీ5600 ఉన్నవాళ్లు దానికి డబ్బు పెట్టడం దండగే. కెనాన్ 90డీ, నికాన్ డీ500 అయితే పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

కార్డు మీద పెద్దగా వేసే అంకె సాధారణంగా చదివే వేగం. బఫర్ ఖాళీ కావాలంటే చూడాల్సింది రాసే వేగం, దాన్ని చాలాసార్లు చిన్న అక్షరాల్లో దాచేస్తారు. వీ30 గుర్తుంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాస్తుందని అర్థం, మామూలు వీడియోకు అది చాలు.

మైపాడు బీచ్‌లో సూర్యోదయానికి, నెల్లూరులో పెళ్లిళ్లకు నా ఓటు యూహెచ్ఎస్-1కే. మిగిలిన డబ్బుతో ఇంకో కార్డు కొనుక్కోవచ్చు. ఒకటి మొండికేసినా పెళ్లివారి ముందు టెన్షన్ ఉండదు. పందేలకే ఎక్కువగా వెళ్లేవాళ్లు, కెమెరా సహకరిస్తే, యూహెచ్ఎస్-2 తీసుకోండి.