1963 కార్వెట్ స్ప్లిట్ విండో: రీస్టోర్ చేసినదా, చెయ్యి పడనిదా, రెస్టోమాడా – ఏది మేలు?

పాత అమెరికన్ స్పోర్ట్స్ కార్లలో ఒక్కటే ఎంచుకోమంటే నేను షెవర్లే వారి 1963 కార్వెట్ స్టింగ్ రే కూపే పేరే చెబుతాను. జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి బిల్ మిచెల్ నాయకత్వంలో లారీ షినోడా తీర్చిదిద్దిన ఆకారం అది. కార్వెట్ ఇంజనీర్ జోరా ఆర్కస్-డంటోవ్ పట్టుబట్టి తెచ్చిన ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ (వెనక చక్రాలు దేనికది విడిగా కదిలే ఏర్పాటు) కింద ఉంటుంది. ఇక వెనక అద్దాన్ని నిలువునా రెండుగా చీల్చే ఆ సన్నని పట్టీ! దానివల్ల డ్రైవర్‌కి వెనక ఏముందో సరిగా కనపడదని డంటోవ్ మొదటినుంచీ వద్దన్నాడు. మిచెల్ వినలేదు. చివరికి 1964 మోడల్‌లో ఆ పట్టీ పోయింది, అందుకే ఆ అద్దం ఒక్క ఏడాదికే పరిమితం. ఆ ఏడాది సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలో తయారైన కూపేలు 10,594. వాటిలో కొన్నింటికి అప్పటి ఓనర్లే పట్టీ కోయించేసి 1964 అద్దం బిగించుకున్నారు. విలువ పెరిగాక తర్వాత కొన్నవాళ్లు మళ్లీ పట్టీ పెట్టించుకున్నారు.

ఇవాళ ఈ కారు కొందామని వెతికితే మూడు రకాలు కనిపిస్తాయి: మళ్లీ కొత్తదానిలా రీస్టోర్ చేసినవి, ఎవరూ చెయ్యి పెట్టకుండా ఉన్నది ఉన్నట్టు మిగిలినవి, రెస్టోమాడ్‌లు. రెస్టోమాడ్ సంగతి త్వరగా తేలిపోతుంది కాబట్టి ముందు అది చెబుతాను.

రెస్టోమాడ్ అంటే పైకి 1963, లోపల మొత్తం కొత్తది. జనరల్ మోటార్స్ వారి ఈ కాలపు 430 హార్స్‌పవర్ ఎల్‌ఎస్3 ఇంజిన్, కొత్త ఛాసిస్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, గట్టి ఏసీ. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండే మనవాళ్లు ఆగస్టు ఎండలో తిరగాలంటే ఇదే హాయి, కాదనను. ఇంజిన్ ఎప్పుడో పోయి బాడీ మాత్రమే మిగిలిన కారుకి ఇలా చేస్తే నాకే అభ్యంతరమూ లేదు. సొంత ఇంజిన్, సొంత ఫ్రేమ్ ఉన్న కారుని కోసి చేస్తే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కోసిన ఫ్రేమ్ మళ్లీ ఫ్యాక్టరీ ఫ్రేమ్ కాదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

బాగా రీస్టోర్ చేసిన కారు పక్కన నిలబడితే చూపు తిప్పుకోలేం. కానీ మెరుపుని కాసేపు పక్కనపెట్టి, హుడ్ ఎత్తి, ఇంజిన్‌కి కుడివైపు ముందు భాగంలో సిలిండర్ హెడ్‌ని ఆనుకుని ఉన్న చిన్న చదును చోటు చూడండి. ఇంజిన్ తయారైన తేదీ, దాని రకం చెప్పే కోడ్, కారు సీరియల్ నంబర్ అక్కడే కొట్టి ఉంటాయి. ‘ఆర్‌ఎఫ్’ అని ఉంటే 360 హార్స్‌పవర్ ఇచ్చే, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 327 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ అన్నమాట. కారు ధరని ఆ రెండక్షరాలు ఎంతో పెంచుతాయి, మోసాలు జరిగేదీ అక్కడే. పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టేవాళ్లున్నారు. ఫ్యాక్టరీ మెషీన్ ఆ లోహం మీద వదిలిన సన్నని సమాంతర గీతలు టార్చి వెలుగులో కనబడాలి. గీతలు లేకుండా అద్దంలా నున్నగా ఉంటే అనుమానించాల్సిందే. బ్లాక్ వెనకవైపు పోతపోసిన తేదీ కూడా ఉంటుంది. అది కారు తయారైన తేదీ కంటే ముందుదే అయి తీరాలి.

రీస్టోరేషన్‌లో రెండో చిక్కు, అతిగా చేయడం. 1974లో మొదలైన నేషనల్ కార్వెట్ రీస్టోరర్స్ సొసైటీ ఈ కార్లని అందాన్ని బట్టి కాకుండా, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉండేవో దాన్ని బట్టి జడ్జి చేస్తుంది. టాప్ ఫ్లైట్ అవార్డుకి 94 శాతం మార్కులు రావాలి. ఫ్యాక్టరీలో పెయింట్ తుంపర పడ్డ చోట తుంపరే ఉండాలి, పెయింట్ కాస్త గరుకుగా ఉన్న చోట గరుకే ఉండాలి. రంగు మీద ఇప్పటి క్లియర్‌కోట్ అనే పారదర్శక పూత వేసి నీళ్లలా మెరిపిస్తే మార్కులు పోతాయి. సెయింట్ లూయిస్‌లో ఆ రోజు లైన్ మీద నిలబడ్డ మనిషి చేతిపనిని, దాని లోపాలతో సహా మళ్లీ తీసుకురావడమే నా దృష్టిలో అసలైన రీస్టోరేషన్.

ఇక చెయ్యి పడని కారు. అమెరికాలో దీన్ని ‘సర్వైవర్’ అంటారు. కార్వెట్లని పరిశీలించి సర్టిఫికెట్లిచ్చే బ్లూమింగ్టన్ గోల్డ్ సంస్థ ఇలాంటి వాటికి విడిగా గుర్తింపు ఇస్తుంది. అక్రిలిక్ లాకర్ పెయింట్ అక్కడక్కడా చిట్లి ఉంటుంది, సీటు అంచు అరిగి ఉంటుంది. చూడగానే కొనాలనిపించదు. కానీ రీస్టోర్ చేసేవాళ్లు నమూనాగా చూసుకునేది ఇలాంటి కారునే. ఫ్యాక్టరీ పెయింట్ ఉన్న కారుకి కొత్త పెయింట్ వేయడం గుడి శిల్పాలకి సున్నం కొట్టడమే.

కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో నేషనల్ కార్వెట్ మ్యూజియం ఉంది. 2014 ఫిబ్రవరి 12న అక్కడ నేల కుంగి ఎనిమిది కార్లు గోతిలో పడ్డాయి. వాటిలో మూడింటినే బాగుచేశారు: 2009 జెడ్ఆర్1, 1962 నల్ల కార్వెట్, 1992లో తయారైన పది లక్షలో కార్వెట్. ఆ పది లక్షలో కారు భాగాల మీద ఫ్యాక్టరీ కార్మికుల సంతకాలున్నాయి. బాగుచేసేటప్పుడు వాటిని వీలైనంతవరకు కాపాడారు. మిగతా ఐదింటినీ నుజ్జయినవి నుజ్జయినట్టే ప్రదర్శనకి పెట్టారు. అన్నింటినీ తళతళలాడేలా చేయకపోవడం నాకు చాలా నచ్చింది. ఏ కారులో పాతది ఎంత మిగిలిందో చూసి నిర్ణయించారు.

కొనేటప్పుడూ అదే కొలత పెట్టుకోండి. ఒకే ధరకి రెండూ దొరికితే నేను కళ్లుమూసుకుని చెయ్యి పడనిదే తీసుకుంటాను. అయితే దాన్ని షెడ్డులో దాచిపెట్టే ఓపిక, గీత పడుతుందేమోనన్న టెన్షన్ రెండూ వెంట వస్తాయి. ఆదివారాలు తోలుకోవాలంటే, పని జరుగుతున్నప్పటి ఫొటోలు, బిల్లులు ఉన్న రీస్టోర్డ్ కారే మేలు. దానికైనా నేనొక మార్పు చేయిస్తాను. మామూలు 1963 కారులో నాలుగు డ్రమ్ బ్రేకులకీ ఒకటే సర్క్యూట్, అంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే దారి ఒక్కటే. ఎక్కడ లీకయినా పెడల్ నేలకి తగులుతుంది. రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ 1967లో వచ్చింది. అలాంటిది బిగించి, పాతది తుడిచి పెట్టెలో పెడతాను. కావాలనుకున్న రోజు మళ్లీ వేసుకోవచ్చు.

మూడింటిలో ఏది నచ్చినా డబ్బు ఇచ్చేముందు క్యాబిన్ చుట్టూ బాడీ లోపల ఉండే ఉక్కు చట్రాన్ని, అంటే బర్డ్‌కేజ్‌ని, లిఫ్ట్ మీద ఫ్రేమ్‌ని చూపించుకోండి. బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి పైన తుప్పు కనబడదు, లోపల చట్రం మాత్రం తినేసి ఉండొచ్చు. పెయింట్ మందం చూసే మామూలు అయస్కాంతపు మీటర్ కూడా ఫైబర్‌గ్లాస్ మీద పనిచేయదు. వీల్ వెల్ లోపలినుంచి టార్చి వేసి ప్యానెళ్ల వెనకవైపు చూడండి. ఫ్యాక్టరీ ప్యానెల్ రెండువైపులా నునుపుగా ఉంటుంది. పీచు పీచుగా గరుకు తగిలితే అక్కడ తర్వాతెప్పుడో ప్యానెల్ మార్చారని అర్థం. ఆ సంగతి అమ్మేవాళ్లు ముందే చెప్పారా లేదా చూసుకుని అప్పుడు బేరానికి దిగండి.