ఎనిమిదోసారి చూశాక: ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్

మొదటిసారి ఈ సినిమా చూసింది కాలేజీ రోజుల్లో, ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేసిన షోలో. సబ్‌టైటిల్స్ తెల్లక్షరాలు, తెర మీదేమో తెల్లటి ఆకాశం. సగం మాటలు చదవలేకపోయాం. అయినా బయటికొచ్చి టీ తాగేటప్పుడు ముగ్గురిలో ఒక్కరం కూడా నోరు విప్పలేదు. ఈ పదిహేనేళ్ళలో ఇంకో ఏడుసార్లు చూశాను. మాటలన్నీ అర్థమయ్యాక అదనంగా తెలిసింది పెద్దగా ఏమీ లేదు.

1957లో మిఖాయిల్ కలతోజోవ్ తీసిన సోవియట్ సినిమా ఇది. మరుసటేడు కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి పామ్ దోర్ గెలిచింది. మాస్కోలో బోరిస్, వెరోనికా ప్రేమించుకుంటారు. 1941లో యుద్ధం వస్తుంది, బోరిస్ తనంతట తనే సైన్యంలో పేరిచ్చి వెళ్తాడు, తిరిగి రాడు. ముగింపు చెప్పేశానని తిట్టుకోకండి, అరవై ఏళ్ళు దాటిన సినిమా.

ఎవర్నడిగినా బోరిస్ చనిపోయే సీనే చెప్తారు. గాయపడిన తోటివాణ్ణి మోసుకొస్తుంటే తూటా తగులుతుంది. నెత్తిన బర్చ్ చెట్లు గిర్రున తిరుగుతాయి, జరగని పెళ్ళి కళ్ళముందు ఆడుతుంది. కెమెరామన్ ఉరుసెవ్‌స్కీ పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ నాలుగోసారికి నాకందులో కెమెరా కనిపించడం మొదలైంది, బోరిస్ వెనక్కి వెళ్ళిపోయాడు.

వీడ్కోలు సీను మాత్రం ఎన్నిసార్లు చూసినా అరగలేదు. వెరోనికా బస్సులో వస్తుంటుంది, రోడ్డు నిండా జనం. దిగి పరుగెత్తుతుంది. కెమెరా కూడా ఆమెతోపాటే దిగి, జనంలో దూరి, ఎక్కడా కట్ లేకుండా పైకి లేస్తుంది. కింద వరసగా యుద్ధ ట్యాంకులు, వాటి మధ్యలోంచి ఈ పిల్ల. అక్కడ ఒకడు పాడుతుంటాడు, ఒకామె ఏడుస్తుంటుంది, ఎవరి గోల వాళ్ళది. బోరిస్ మెడ చాచి వెతుకుతూనే ఉంటాడు. ఆమె పిలుస్తూనే ఉంటుంది. దళం కదిలిపోతుంటే, తెచ్చిన బిస్కెట్ల పొట్లం అతనికేసి విసురుతుంది. అది కిందపడి, కవాతు చేస్తున్న కాళ్ళ కింద పొడిపొడి అవుతుంది. అతను చూడడు. యుద్ధమంటే ఇంకో గంట బాంబులు చూపించినా ఇంత నొప్పి రాదు.

ఆ తర్వాత బొమ్మ ఉడత. వెరోనికాని బోరిస్ ముద్దుగా 'ఉడత' అనే పిలుస్తాడు. పుట్టినరోజుకని బుల్లి బుట్ట పట్టుకున్న బొమ్మ ఉడతని వదిలి వెళ్తాడు, ఆ బుట్టలో గింజల కింద చీటీ పెడతాడు. మనకి తెలుసు, ఆమెకి తెలియదు. చాలాకాలం ఆ చీటీ ఆమె దగ్గరే పడుంటుంది. సస్పెన్స్ అంటే ఇదీ.

నచ్చనిది కూడా చెప్పాలి. బోరిస్ తమ్ముడి వరసయ్యే మార్క్‌ని ఆమె పెళ్ళి చేసుకోవడం మరీ హడావిడిగా అయిపోతుంది. బాంబు దాడి, అతని బలవంతం, ఆ వెంటనే ఇంట్లో పెళ్ళి మాట. ఆమె లోపల ఏమైందో మనమే పూరించుకోవాలి. వెరోనికాగా వేసిన తత్యానా సమోయ్‌లొవా ముఖం ఆ పని సగం చేస్తుంది, మిగతా సగం లోటే. చివర్లో స్టేషన్ దగ్గర బోరిస్ స్నేహితుడి ఉపన్యాసం కూడా కాస్త సర్కారీగా ఉంటుంది. కానీ అదే జనంలో ఆమె తన పూలు ముక్కూమొహం తెలియనివాళ్ళకి పంచుతుంటే అదేం గుర్తుండదు.

ఇప్పుడు దొరికే ప్రింటు చాలా శుభ్రంగా ఉంది. ఈ మధ్య అమ్మతో కలిసి చూశాను. ఆమెకి ఇంగ్లీషు చదవడం రాదు, నేనూ ఏమీ చెప్పలేదు. పొట్లం కిందపడ్డప్పుడు "అయ్యో, చూళ్ళేదురా వాడు" అంది. కాసేపటికి ఇంకో వీధి, ఇంకో సైరన్ నడుస్తుంటే ఉన్నట్టుండి అడిగింది: "ఆ చీటీ ఈ పిల్లకి ఎప్పుడు దొరుకుద్దిరా?"